లేని గసగసాల మసాలా

చెంచాడు గసగసాలతో జైలుకు పోయినవాళ్ల కథలు గల్ఫ్‌లో ఎవరినడిగినా చెబుతారు. ఆ చెంచాడు కూడా లేకుండానే జైలు గుమ్మం దాకా వెళ్లే తెలివి మాత్రం నా ఒక్కదానికే ఉంది. వినండి, నవ్వండి, నాకేం సిగ్గులేదు.

అప్పుడు మేం రియాద్‌లో, మలాజ్ అనే పేటలో ఉండేవాళ్లం. కుటుంబంతో ఉండే విదేశీయుల మీద అక్కడి సర్కారు తలకింత అని లెవీ, అంటే పన్ను, వేసి, దాన్ని ఏటేటా పెంచుతున్న రోజులు. మా మెట్ల మీదుగా రోజూ ఊరికి తిరిగిపోయేవాళ్లవి ఎవరివో సోఫాలు కిందికి దిగేవి. ఒకనాడు మా ఆయన టీ తాగుతూ, "ఇగ నిన్ను ఊరికి పంపుడే. నేను బతా బజార్ల మెస్సుల తింట" అన్నాడు.

ఆయన్ను వదిలి ఉండటం నా వల్ల కాదు. (ఈ మాట ఆయనతో అనకండి, నెత్తికెక్కుతాడు.)

"లెవీ నేను కడ్త. మటన్ మసాలా ఆన్‌లైన్‌ల అమ్ముత" అన్నాను.

మా ఇంటి యజమానురాలు ఉమ్ ఫహద్‌కు ఇంట్లో చేసి అమ్ముకునే లైసెన్సు ఉంది. నా మటన్ కూర తిన్నప్పటి నుంచి ఆమె నా పార్టీ. "మాఫీ ముష్కిల్", ఏ ఇబ్బందీ లేదు, తన పేరు మీదే అమ్ముదామంది. ఇక నాకు పట్టపగ్గాల్లేవు. డబ్బాలు కొన్నాను, వెబ్‌సైట్ పెట్టించాను, బిల్డింగంతా తుమ్మేలా మసాలాలు వేయించాను. కార్డుల మీద డబ్బు తీసుకోవడానికి ఆన్‌లైన్ పేమెంట్ కంపెనీ ఒప్పుకోవడం ఒక్కటే మిగిలింది. మీరు అమ్మేదేమిటో వివరించండి అని వాళ్లడిగారు.

అక్కడే నా చెయ్యి దురదపెట్టింది. గసగసాలు లేని మటన్ మసాలా మనవాళ్లు కొంటారా? నల్లమందు మొక్క గింజలని అవి ఆ దేశంలో నిషేధమని, సూట్‌కేసులో తేకూడదని నాకు తెలుసు. అందుకే ఏళ్ల తరబడి కర్బూజ గింజలు నూరి నెట్టుకొస్తున్నాను. కానీ తేకూడదు గాని, రాసుకుంటే తప్పేముంది? గింజా లేదు, పొడీ లేదు, మసాలా పేరు గసాలు. "అచ్చం అమ్మ చేతి రుచి, గసగసాలు దండిగా వేసినది" అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసి పంపాను.

మర్నాడే ఫోన్. ఆ కంపెనీలో దరఖాస్తులు చూసే అబ్బాయి మన హైదరాబాదువాడే.

"అక్కా, మీ అప్లికేషన్ రిజెక్ట్ అయింది. జూదం, సిగరెట్లు, మత్తుమందులు, ఇసొంటి బిజినెస్‌లు మేం తీస్కోం."

"నేను అమ్మేది మసాలా కద తమ్మీ."

"మీరు రాసిన గసాలు ఈడ మత్తుమందు కిందికే వస్తయ్. అవి ఉన్నయా, లేవా?"

"ఒక్క గింజ గూడ లేదు. ఒట్టు."

"మరి దండిగ ఉన్నయని రాసిండ్రు."

"ఊకె రాసిన. గిరాకీ కోసం."

"అట్లయితె అది ఇంకో రిజెక్షన్, అక్కా. లేనిది ఉందని అమ్మితే, కొన్నోళ్లు బ్యాంకుకు కంప్లయింట్ చేసి పైసలు వాపస్ గుంజుకుంటరు. ఆ లాసు మా మీద పడ్తది. అబద్ధం బిజినెస్ గూడ మేం తీస్కోం."

ఉన్నాయంటే నేరం, లేవంటే మోసం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"రెండిట్ల నాకు ఏది మంచిది తమ్మీ?"

"మోసమే మంచిదక్కా. గసాలంటే ఫైలు పోలీసోళ్ల దగ్గరికి పోతది. ఆ లైసెన్సు ఆమె గూడ ఇరుక్కుంటది."

మోసగత్తెనని ఒప్పుకోవడానికి అంత తొందరపడ్డ మనిషి ఈ భూమ్మీద ఉండదు. "మా మసాలాలో గసగసాలు లేవు, ఎన్నడూ లేవు" అని గబగబా రాస్తుంటే, మా ఆయన వెనక నిలబడి చదివాడు.

"అంటే ఇన్నేండ్ల సంది నా దోస్తులకు గసాల కూర అని పెట్టింది?"

"కర్బూజ గింజలు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. మొత్తం కథ విన్నాడు. మసాలా వ్యాపారం పోయింది, ఇక ఊరికి టికెట్ కొనడమే తరువాయి అనుకుని నేను కళ్లు తుడుచుకుంటుంటే, "లెవీ నేనే కడ్త. నువ్వు ఈడనే ఉండు" అన్నాడు.

"నా మీద గంత పాణమా?"

"అదేం లేదు. నా కండ్ల ముందట ఉండంగనే ఇట్ల చేసినవ్. ఊర్ల ఒక్కదానివి ఉంటె ఏం రాస్తవో, ఎవలకు పంపుతవో. నాకంత ధైర్యం లేదు."

ఆనాడే పొయ్యి మీద చెయ్యి పెట్టి, అది చల్లారాకే లెండి, ప్రమాణం చేశాను. వెయ్యని దినుసు పేరు రాయను. నిషేధమైన దినుసు జోలికి పోను. బతికుండగా ఏ పేమెంట్ కంపెనీకీ దరఖాస్తు పెట్టను. అయితే, ఆయన మళ్లీ ఊరికి పంపుతానంటే మాత్రం ఈ ప్రమాణం చెల్లదు.