కత్తెర మింగిన ముగింపు

మా అక్క కరీంనగర్‌లో ఇంగ్లీషు లెక్చరర్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రాసిన ఒక అమెరికన్ నవలాకారుడి మీద ఎనిమిదేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తుండేది. ఆయన కథలు చాలానే సినిమాలయ్యాయి. ఒక్కటీ కరీంనగర్ దాకా రాలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు.

తొంభైల్లో నేను దోహాలో, అల్ హిలాల్ పేటలో, ఒక గోదావరి జిల్లా మిత్రుడితో కలిసి ఉండేవాణ్ణి. అక్కడికి అక్క ఉత్తరం రాసింది. ఆయన నవల ఒకదాని చివర హీరో తను ప్రేమించిన పిల్లను వదిలేసి రైలెక్కుతాడట. సినిమాలో ఏం చేశారో చూసి చెప్పమంది. రెండో పేజీలో, వంకాయల ధర చెబుతున్నట్టు, శనివారం కడుపులో గడ్డకు ఆపరేషన్ అనీ, ఆలోపే చెబితే మంచిదనీ రాసింది.

సెలవు అడిగాను. "వచ్చే నెల చూద్దాం" అన్నాడు మేనేజరు. సాయంత్రం దాకా డ్రాయింగులు సరిచూశాను. ఒక్క తప్పూ నా కన్ను దాటి పోలేదు.

నాలుగు వీడియో దుకాణాలు తిరిగితే ఒక మలయాళీ కొట్టులో, అడుగు అరలో దొరికింది కాసెట్. శుక్రవారం భోజనాలయ్యాక ఇద్దరం కూర్చున్నాం. అక్కడ ముద్దులు కత్తిరించాకే కాసెట్ అద్దెకొచ్చేది. మాకు అలవాటే: ఇద్దరు దగ్గరికి జరుగుతారు, తెర ఒక్క గెంతు గెంతుతుంది, ఇద్దరూ దూరంగా కూర్చుని కాఫీ తాగుతుంటారు.

చివరికి రైల్వే ప్లాట్‌ఫారం వచ్చింది. అతను మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. ఆమె పరుగెత్తుకొచ్చింది. అతను తిరిగాడు. తెర గెంతింది. ఆ తర్వాత కాఫీ కూడా లేదు, ఉత్త గీతలు.

"కత్తెరేశారంటే ముద్దెట్టుకున్నట్టే కదండీ గురువుగారూ," అన్నాడు మిత్రుడు. "పెళ్ళయిపోయినట్టే."

"వెళ్ళేముందు పెట్టే ముద్దు కూడా అయ్యుండొచ్చు."

"అదీ నిజమేనండి బాబూ. ఈ కత్తెరోళ్ళకి రెండూ ఒకటే."

సాయంత్రం ఆసుపత్రికి ఫోన్ చేశాను.

"రైలెక్కిండారా?" అంది అక్క, ఎలా ఉన్నావని కూడా అడగకుండా.

"లేదక్కా. దిగి ఆమె దగ్గరికే వచ్చిండు."

"నేననుకున్నదే! సినిమావాళ్ళు ఎవ్వర్నీ పోనియ్యరు. అయితే నా నాలుగో చాప్టర్ కరెక్టే. ఉండు, రాసుకుంట."

కాగితం చప్పుడు వినిపించింది. ఎవరో సిస్టర్ కోప్పడింది. లైను కట్టయింది.

శనివారం మధ్యాహ్నం ఆఫీసుకే ఫోనొచ్చింది. ఆపరేషన్ బల్ల మీదే పోయిందన్నారు. సెలవు ఆ పూటే మంజూరైంది.

ఎయిర్‌పోర్టుకు వెళ్తూ కాసెట్ తిరిగి ఇవ్వడానికి మలయాళీ కొట్టు దగ్గర దిగాను.

"రీవైండ్ కియా?" అన్నాడు కొట్టతను.

చేయలేదన్నాను. విసుక్కుంటూ మెషిన్‌లో పెట్టాడు. బయట టాక్సీ హారన్ కొడుతోంది. అది మొదటికొచ్చి టక్కున ఆగేదాకా అక్కడే నిలబడ్డాను.