పెద్దమ్మ దగ్గరి చూపు

మా పెద్దమ్మ రఫూ పని చేసేది. కోటు చిరిగితే, అదే కోటు లోపలి అంచు నుంచి పోగులు లాగి, ఒక్కొక్కటే అల్లి, చిరుగన్నది తెలియకుండా చేసేది. సోడాబుడ్డి కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, బట్టను ముక్కుకు బెత్తెడు దూరంలో పట్టుకుంటే చాలు, వెంట్రుకంత పోగు కూడా ఆవిడకు తాడులా కనబడేది. దర్జీలు తమ వల్ల కాని బట్టలన్నీ ఆవిడకే పంపేవారు.

మా అమ్మ ఆవిడకు సొంత చెల్లెలు. కంటి ఆసుపత్రిలో కళ్ళజోడు అక్కర్లేకుండా చేసే లేజరు ఆపరేషనుకు వచ్చేవాళ్ళకు ధైర్యం చెప్పడం, ఫారాలు నింపించడం అమ్మ ఉద్యోగం. ఒకరోజు అమ్మ మరిచిపోయిన క్యారియర్ ఇవ్వడానికి పెద్దమ్మ అక్కడికి వెళ్ళింది. ఆవిడ వెళ్ళాక ఒక నర్సు నవ్వింది.

"ఊరందరి కళ్ళజోళ్ళూ తీయిస్తారు, మీ అక్కయ్యగారిది మాత్రం దాచిపెట్టారే?"

ఆ మాట అమ్మకు ముల్లులా దిగింది. ఆ వారమంతా పెద్దమ్మ వెంటపడింది.

"పావుగంట పని అక్కా. నేను పక్కనే ఉంటాగా."

"నా పనికేం కాదుగా?"

"ఏమవుతుంది? ఇంకా బాగా కనబడుతుంది."

అప్పుడు పెద్దమ్మకు నలభై ఏడేళ్ళు. ఫారం అమ్మ నింపింది, ఆవిడ చదవకుండానే సంతకం పెట్టింది. డాక్టరు గదిలోకి వెళ్ళేముందు అమ్మ మెల్లగా, "ఏం చేస్తారని అడిగితే ఇంట్లోనే ఉంటానని చెప్పు" అంది.

"ఉండేది ఇంట్లోనేగా, అబద్ధమేముంది" అని పెద్దమ్మ నవ్వింది.

ఆపరేషన్ తర్వాత దూరమంతా కడిగినట్టు కనబడింది. బట్టను ముక్కు దగ్గరకు తెస్తే మాత్రం రంగు తప్ప పోగు తెలియలేదు. చదివే అద్దాలు పెట్టుకున్నా పాత చూపు రాలేదు. భూతద్దం పట్టుకుంటే ఒక చెయ్యి దానికే సరిపోయేది. పాత దర్జీ ఒకాయన, ఆవిడ అలాగే రఫూ చేసి పంపిన కోటు తిరిగి పట్టుకొచ్చాడు. "గాయం మాన్పమంటే మచ్చ పెట్టావేంటమ్మా" అన్నాడు.

నెల తర్వాత మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు నేనూ తోడు వెళ్ళాను. పెద్దమ్మ చెప్పింది విని డాక్టరు ఫైలు తిప్పాడు.

"మీరు గృహిణి అని ఉందమ్మా. అద్దాలు తీసి చేసే దగ్గరి పని ఏదైనా ఉందా అన్నచోట లేదు అని ఉంది. ఈ పనని తెలిస్తే నేనే వద్దనేవాణ్ణి."

"మళ్ళీ పాత చూపు రాదా?"

"రాదమ్మా."

పెద్దమ్మ ఆ ఫారం అడిగి తీసుకుంది. కొత్త కళ్ళ ముందు చెయ్యంత దూరంలో పట్టుకుని అమ్మ చేతిరాత చూసింది.

అమ్మ వరండాలోనే ఉంది.

"నా పని నీకు తెలియదా?"

"తెలుసక్కా."

"తెలిసే రాశావా?"

"రాస్తే డాక్టరుగారు ఒప్పుకోరని..."

పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, మిగిలిన బట్టలన్నీ ఎవరివి వాళ్ళకు పంపేసింది.

తర్వాతి ఆదివారం అమ్మ భూతద్దం బిగించిన బల్లదీపం ఒకటి కొని, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. మేము వీధి మలుపు తిరిగేసరికి పెద్దమ్మ కిటికీ దగ్గర ఊరికే కూర్చుని ఉంది. తల ఎత్తి నేరుగా మావైపు చూసింది. లేచి, ఒక రెక్క తర్వాత ఇంకొకటి, కిటికీ మూసింది.

అమ్మ దీపం పెట్టెను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"మనల్ని చూసి ఉండదు" అంది.