రంగూన్ రేవులో ఎనిమిదో పడవ

ఉదయం ఆరూ ఇరవైకి నేను టీ తాగి గ్లాసు కింద పెట్టాను. అంతలోనే నది మీద మంచు కమ్మేసింది. ఇది నాలుగేళ్ల కిందటి మాట. రంగూన్‌లో బోటాటౌంగ్ రేవు నుంచి నదిలో ఆగిన ఓడలకు కూలీలను చేరవేసే ఎనిమిది సంపాన్ పడవలు నా అజమాయిషీలో ఉండేవి; అప్పటికి అన్నీ నదిలోనే ఉన్నాయి.

మంచులో పడవలకు ఒడ్డు ఎటుందో తెలియాలి కాబట్టి, అన్నీ తిరిగొచ్చేవరకు రేకుడబ్బా కొట్టడం మా పద్ధతి. కొడుతూ లెక్కపెట్టాను. ఎనిమిదోది ఒడ్డుకు తగలగానే ఆపేశాను.

అందులోంచి దిగిన బర్మా పెద్దాయన, "నాది నది అవతల ట్వంటే ఊరు. దారి తప్పాను. మీ చప్పుడే నన్ను కాపాడింది" అన్నాడు.

అంటే మా పడవ ఒకటి ఇంకా నదిలోనే ఉంది. మావాళ్లను పేరుపేరునా పిలిచాను. మా అక్కను మేం అప్ప అంటాం; ఆమె భర్త అప్పన్న బావ పలకలేదు. పోటు తగ్గి నీరు సముద్రం వైపు లాగుతోంది. డబ్బా సొట్టలు పడేలా మళ్ళీ కొట్టాను. ముప్పావుగంటకు తెడ్డు చప్పుడు వినిపించింది.

"ఏటి బామ్మర్దీ, డబ్బా ఆపేసినావు? మీ అప్పని మళ్ళీ నీ ఇంటికి తెచ్చేసుకుందావనేటి?" అన్నాడు బావ, వణుకుతూనే. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

కిందటి నెల ఆయన జ్వరంతో పోయాడు. అప్ప ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. నా తప్పు గురించి ఆయన ఆమెకు ఏనాడూ చెప్పలేదని మొన్ననే తెలిసింది.

ఇప్పుడు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, అందరూ పలికాకే డబ్బా ఆపుతాం. మా రేవులో పడవలు లెక్కపెట్టడం లేదు.