పేరు కొడితే చిల్లు పడిన డబ్బాలు

ఇది విని మీరు నవ్వినా నాకేమీ బాధ లేదు, కల్లూరులో నన్నెరిగినవాళ్లంతా ఎప్పుడో నవ్వేశారు. స్టీలు సామాన్ల అంగడి పెట్టి ఆరు నెలలైనా కాకముందే, నూటయాభై టిఫిన్ డబ్బాలతో నా పరువును నేనే బజారుకెక్కించుకున్న వైనమిది.

లక్ష్మమ్మక్క ముప్పై ఏళ్లు అంగన్‌వాడీలో ఆయాగా చేసి, మా వీధిలో రెండు గదుల ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి వచ్చినవాళ్లకు తన పేరు కొట్టించిన డబ్బాలు పంచాలని ఆమె ఆశ.

"ఇన్నేండ్లూ హాజరుపట్టీలో తప్ప యాడా నా పేరు ల్యాదు శీనప్పా. ఇంగ అందరిండ్లల్లో ఉండాల. అడుగున కొట్టు, కడిగి బోర్లిస్తే కనపడాల" అంది.

ఆ మాటకు నా కళ్లు చెమర్చాయి. ఊరంతా చూసి మెచ్చుకునే సరుకు తేవాలనుకున్నాను. తేవాలనుకున్నవాణ్ణి బజారుకు పోవచ్చు కదా? పోలేదు. ఫోన్ తీశాను. అందులో ఒక హోల్‌సేల్ వ్యాపారి, సగం ధరకే ఇస్తానంటూ, ఎదురుచూస్తున్నట్టుగా దొరికాడు.

పక్కంగడి మస్తాన్ చాచా నలభై ఏళ్లుగా గిన్నెల మీద పేర్లు కొడుతున్న మనిషి. "బేటా, ముందు ఒక్కటి తెప్పించు. చేత్తో పట్టుకో, తక్కెట్లో పెట్టి సూడు. మిగతావి ఆమైన" అన్నాడు.

"కాలం మారింది చాచా. వీడియో కాల్‌లోనే పరీక్ష పెడతాండా, నువ్వే సూడు."

మా వ్యాపారంలో స్టీలు మంచిదా కాదా అన్నది గోరుతో మీటి, మోత విని చెప్తారు. నేనూ అదే పద్ధతి పాటించాను. కాకపోతే గోరు వాడిది, చెవి నాది.

"మీటు సామీ!"

"మీటాను సార్." డబ్బా ఖంగుమంది.

"ఇంకొకటి మీటు!" అదీ ఖంగుమంది.

"విన్నావా చాచా?"

"వింటి బేటా. వాని గోరు శానా బాగుండాది."

ఎగతాళిని కూడా మెచ్చుకోలుగా తీసుకునే వయసు నాది. అడిగిన డబ్బంతా అప్పటికప్పుడే పంపేశాను.

గృహప్రవేశం నాలుగు రోజులుందనగా పెట్టెలు వచ్చాయి. ఒంటిచేత్తో పెట్టె ఎత్తేసి, నాకే బలం పెరిగిందనుకుని ఛాతీ విరుచుకున్నాను చూడండీ, ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మొదటి డబ్బా బోర్లించి పేర్లు కొట్టే మిషను పెట్టాను. 'ల' కొట్టగానే సూది అటువైపు తేలింది. చెయ్యి ఆపాలి కదా! ఆపలేదు, పేరంతా పూర్తిచేశాను. చాచా దాన్ని ఎండకు పట్టుకుంటే, 'లక్ష్మమ్మ' అని నేల మీద వెలుగు పడింది.

"పేరు కొట్టమంటే కిటికీ పెట్టినావు కదా బేటా!"

వ్యాపారికి ఫోన్ చేశాను. "చిల్లులు పడుతాండాయప్పా!"

"అన్నం చెమ్మగిల్లకుండా గాలి ఆడుతుంది సార్" అని పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

ఆ డబ్బాతో లక్ష్మమ్మక్క దగ్గరికి నడిచాను. ఏడుపొక్కటే తక్కువ. నిజం చెప్పేశాను. ఆమె డబ్బాను తిప్పి తిప్పి చూసింది. తిడితే బాగుండేది, తిట్టలేదు.

"నువ్వు గూడా మోసపోయినావు కదప్పా. తిన్నావా ల్యాదా?" అంది. అంతే, నిజంగానే ఏడ్చేశాను.

చాచా తన అంగట్లోని గట్టి స్టీలు గ్లాసులన్నీ బయటపెట్టాడు. ఇద్దరం మూడు రోజులు కూర్చుని నూటయాభైకీ పేర్లు కొట్టాం. గృహప్రవేశం నాడు అందరి చేతుల్లోనూ ఆమె పేరుంది. గ్లాసు అందుకున్న ప్రతివాళ్లూ బోర్లించి చదువుతుంటే, ఆమె ముఖం చూసి నా గుండె కుదుటపడింది.

తీరా చూస్తే ఆడవాళ్లంతా వంటగదిలో గుమిగూడారు. అక్క ఆ చిల్లుల డబ్బాలో బియ్యం కడుగుతోంది. ఒక్క గింజ జారడంలేదు, నీళ్లు మాత్రం 'లక్ష్మమ్మ' అక్షరాల్లోంచి ధారగా పోతున్నాయి.

"ఇది యాడ దొరికిందక్కా? పేరు గూడా ఉండాదే!"

"మా శీనప్ప చేయించినాడు" అంది అక్క గర్వంగా.

మర్నాడు అంగడి ముందు జనం. మిగిలిన డబ్బాలకు ఎవరి పేరు వాళ్లకు చిల్లులుగా కొట్టిచ్చాను. "పప్పు పోస్తే కారిపోతాది తల్లీ, బియ్యం కడుక్కోను మాత్రమే" అని ఒక్కొక్కరికీ చెప్పి మరీ అమ్మాను. వారానికల్లా అన్నీ అయిపోయాయి. ఇంకా కావాలని అడుగుతూనే ఉన్నారు. అంత పలుచని రేకు కోసం కర్నూలంతా తిరిగాను, కడప దాకా పోయాను. ఏ వ్యాపారీ అంత నాసిరకం అమ్మడే! చివరికి సిగ్గు విడిచి ఆ దొంగకే ఫోన్ చేశాను. ఆ నంబరు వాడుకలో లేదట.

అందుకే పాఠకులందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. సరుకు చేతబట్టి చూడందే ఇకపై ఎవరికీ పైసా పంపను. ఒకవేళ మోసపోయే రాతే ఉంటే, మోసం చేసేవాడి అడ్రసు ముందుగా రాసిపెట్టుకోకుండా మాత్రం చచ్చినా మోసపోను.