కనిపించని మైటోకాండ్రియా

హైటెక్ సిటీ ఇంకా కడుతున్న రోజులవి. నేను చందానగర్‌లో రెండోసారి ఇంటర్ పరీక్షలు రాస్తున్నాను. అంతకుముందు ఏడాది బోటనీ ప్రాక్టికల్‌లోనే తప్పాను. ఈసారీ తప్పితే నర్సింగ్‌లో చేరాలన్న ఆశ వదులుకోవాల్సిందే.

ఉల్లిపొరను మైక్రోస్కోపులో చూసి కణం బొమ్మ గీయమన్నారు. ఎంత తిప్పినా మసక గీతలు తప్ప ఏమీ కనిపించలేదు. ఇక లాభం లేదని, పుస్తకంలో బట్టీపట్టిన బొమ్మ గీసేశాను. కేంద్రకం, మైటోకాండ్రియా, రైబోజోములు, ఏదీ వదల్లేదు.

పరీక్షకు వచ్చిన మేడమ్ నా కాగితం చూసి, "ఏందమ్మా, గివన్నీ గీ మైక్రోస్కోపుల కనబడ్డయా నీకు?" అన్నారు.

"కనబడ్డాయి మేడమ్."

"రైబోజోములు నాకే ఎన్నడు కనబడలే. జర నాగ్గూడ చూపియ్యి."

గదంతా నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు. "ఏమీ కనబడలేదు మేడమ్. పోయినేడు కూడా తప్పాను" అని నిజం చెప్పేశాను.

ఆవిడ నా స్లైడు చూశారు. "రంగు ఏస్తె కద కనబడేది! ఇగ ఏడ్వకు, మళ్ళ చెయ్యి."

కంగారులో అయోడిన్ వేయడమే మరిచిపోయాను! ఒక చుక్క వేసి చూస్తే, ఇటుకలు పేర్చినట్టు గళ్ళు, గడికో చిన్న మచ్చ. అదే కేంద్రకం. పాత బొమ్మ కొట్టేసి, కనిపించినంతే గీశాను.

పాసయ్యాను. ఇప్పుడు నర్సుగా పనిచేస్తున్నాను. ఎంత హడావుడిలో ఉన్నా, థర్మామీటరు చూడకుండా చార్టులో జ్వరం రాయను.