చెప్పులు విప్పి నిలబడిన మునెప్ప

మా ముత్తాత గురప్ప నాయుడు, తాత దొరస్వామి నాయుడు చిత్తూరు దగ్గర మా ఊరికి మునసబులు. మా వాకిట్లోకి ఎవరూ చెప్పులతో వచ్చేవారు కాదు. ఆస్తులన్నీ కరిగిపోయాక నేను తిరుపతి వచ్చి, అలిపిరి దగ్గర దోసెల బండి పెట్టుకున్నాను. నేనెవరో ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఒక ఉదయం కొండ దిగి వచ్చిన ఒకాయన కారు ఆపి, నన్ను చూసి, రోడ్డు మీదే చెప్పులు విప్పి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుండు వల్ల వెంటనే పోల్చలేకపోయాను. ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసిన మునెప్ప.

"దొరసానమ్మా, మీరు దోసెలు పోస్తాంటే నేనెట్ల కూర్చొని తినేది? ఈ బండి మూసేయండమ్మా. నెలనెలా బియ్యం, ఖర్చులు నేను పంపిస్తా" అని ఏడ్చాడు.

తింటున్నవాళ్లందరూ నావైపు తిరిగారు. నా ముఖం మండిపోయింది. అయినా తల దించలేదు.

"చెప్పులేసుకో మునెప్పా. ఈడ అందరూ కూర్చొనే తింటారు. తింటే కూర్చో, లేకుంటే పక్కకు జరుగు. దోసె మాడిపోతాంది."

ఆయన చెప్పులు వేసుకుని, స్టూలు మీద కూర్చొని ఎర్రకారం దోసె తిన్నాడు.

"దొరసానివా అక్కా! అందుకేనా మా ఎంగిలి ప్లేట్లు మాతోనే తీయిస్తాండావు?" అన్నాడు ఒక ఆటో డ్రైవరు.

"అవునప్పా. తియ్యి" అన్నాను.

ఒకరి జాలి మీద బతకడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఈ బండిని మా ఇంటి టేకు తలుపులు అమ్మి కొన్నాను.