దాలమ్మ ఉడకబెట్టిన నైలాన్ వల

భోగాపురానికి తూర్పున సముద్రపు ఒడ్డు పల్లెలో వల ఉడకబెట్టాలంటే దాలమ్మనే పిలవాలి. నూలు వల ఉప్పునీటికి ఊరికే కుళ్ళిపోతుంది. పదిహేను రోజులకోసారి తుమ్మబెరడు కషాయంలో ఉడికిస్తే మాత్రం ఏళ్ళ తరబడి మన్నుతుంది. బెరడు ఎంత వేయాలో, మంట ఎప్పుడు తగ్గించాలో ఆమె చేతికే తెలుసు. ఆ సంగతి తనకీ తెలుసు గనక కొంచెం బెట్టు కూడా చేసేది.

పంతొమ్మిదివందల అరవై ఏడులో ముసలి జగన్నాధం తన పడవకి నైలాన్ వల తెచ్చాడు. పల్లెలో అదే మొదటిది. దాన్నీ తీసుకెళ్ళి దాలమ్మకే అప్పగించాడు. వల అన్నాక ఉడకాలి కదా, ఎవరికీ అనుమానం రాలేదు. ఆమె పద్ధతి ప్రకారం పదిహేను రోజులకోసారి ఉడికించి, రంగు బాగా పట్టాలని మూతపెట్టి, తెల్లారేదాకా ఆ వేడినీటిలోనే వదిలేసేది.

మరుసటి ఏడు కార్తీకంలో, కవ్వ చేపలు నిండుగా పడ్డ పూట, ఆ వల నడిమికి చీలిపోయింది. లాగుతున్నది దాలమ్మ తమ్ముడు అప్పలసూరి. రాళ్ళ మీద ఈడ్చాడని తిట్టి జగన్నాధం అతన్ని పడవ దింపేశాడు.

"నాను రాళ్ళ దరికే ఎల్లనేదప్పా," అన్నాడు అప్పలసూరి అక్కతో. అన్నం ముట్టలేదు. కొత్తవలస పోయి రైలుపట్టాల కూలిలో చేరతానన్నాడు. సముద్రం తప్ప వేరే పని ఎరగని మనిషి. కొన్నాళ్ళు ఆగమని దాలమ్మ బతిమాలి ఆపింది.

చిరిగిన వల తెచ్చి ఒళ్ళో వేసుకుంది. చిరుగు దగ్గర దారం లాగితే పుటుక్కుమంది. చిరుగుకి బారెడు దూరంలో లాగినా అంతే. రాయి కోస్తే ఒక్కచోటే కోస్తుంది గాని వల మొత్తాన్నీ నీరసం చేస్తుందా? అక్కణ్ణుంచి ఆమెకి నిద్ర పట్టలేదు.

వలతోపాటు వచ్చిన దారం ఇంట్లో కొంత మిగిలుంది. నాలుగు ముక్కలు కోసింది. ఒకటి పొడిగా ఉంచింది, ఒకటి చల్లటి సముద్రపు నీటిలో వేసింది, ఒకటి ఉత్త వేడినీళ్ళలో, ఒకటి బెరడు కషాయంలో. పదిహేను రోజులకోసారి అంటే ఎప్పటికి తేలుతుందని చివరి రెండిటినీ రోజూ ఉడికించింది.

"ఏటే దాలీ, దారాలకి వంట సేస్తన్నావా?" అని పక్కింటి గున్నమ్మ పడీపడీ నవ్వింది.

నెల తరవాత ఒక్కో దారానికీ కుండ కట్టి, తెగేదాకా కొబ్బరిచిప్పతో ఇసక పోసింది. పొడి దారం పద్నాలుగు చిప్పలు మోసింది. చల్లనీటిది పదమూడు. వేడినీళ్ళది తొమ్మిదికే తెగింది, కషాయంది ఆరుకి. కషాయం తప్పు కొంత ఉంది సరే, బెరడు లేని వేడినీళ్ళు కూడా నైలాన్‌ని తినేస్తున్నాయన్నమాట. నూలుకి ప్రాణం పోసిన పనే దీని ఆయువు తీసింది. నిజం తెలిసినందుకు ముందు సంబరపడి, ఆ వెంటనే పొయ్యి దగ్గర చతికిలబడింది.

మర్నాడు కుండ, ఆ దారాల్లో మిగిలిన ముక్కలు పట్టుకుని ఒడ్డుకి వెళ్ళింది. అందరూ చూస్తుండగా జగన్నాధం చేతనే ఇసక పోయించింది. ఆయన చిప్పల్ని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

"నీ వల ఏ రాయీ కొయ్యనేదు మావా. వేడినీళ్ళలో ఎట్టి నానే పాడుసేసినాను."

ముసలాయన తెగిన దారాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. తరవాత మెల్లగా అన్నాడు. "రేపు అందరూ నైలానే కొంటారు. దానికి ఉడకబెట్టడం ఒద్దని నువ్వే సెప్తే నీకింక పనేటుంటాదే?"

"నా సంగతి నాను సూసుకుంతాను. రేపు పొద్దున్న మా తమ్ముడు పడవెక్కుతాడా, నేదా? అది సెప్పు."

"ఎక్కుతాడు," అన్నాడు జగన్నాధం.

మూడేళ్ళకల్లా పల్లెలో నూలు వల కనిపించడం మానేసింది. కొత్తగా నైలాన్ కొన్నవాళ్ళ గడపకి వెళ్ళి, దీన్ని ఎవరి చేతా ఉడకబెట్టించకండని చెప్పి వచ్చేది మాత్రం దాలమ్మే.